ఆప్రెపిటాంట్ మూడు క్యాప్సూల్స్ కిట్: అమ్మ కీమోలో మూడు సైకిళ్లు వాడాక నా రివ్యూ

కీమో రేపనగా ఎవరైనా ఇది చదువుతుంటే మిగతాది తర్వాత చదవండి, ముందు డాక్టర్ గారు రాసిన చీటీ తీసి చూడండి. అందులో డాక్సోరుబిసిన్, అంటే అందరూ ఎర్ర మందు అనేది, సైక్లోఫాస్ఫమైడ్‌తో కలిపి ఉన్నా, లేకపోతే సిస్‌ప్లాటిన్ ఉన్నా, వాంతి మందుల్లో ఆప్రెపిటాంట్ గానీ ఫోసాప్రెపిటాంట్ ఇంజెక్షన్ గానీ ఉందా అని వెతకండి. కనపడకపోతే కీమో మొదలుపెట్టక ముందే అడగండి. మేం అడగలేదు. అడగాలని మాకు తెలియదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 57 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక 21 రోజులకొకసారి చొప్పున నాలుగు సార్లు ఎర్ర మందు కీమో, ఆ తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు సార్లు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అని చెప్పారు. మొదటి సైకిల్ విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేయించాం, పేరు రాయను. అక్కడ సెలైన్‌లో ఆండాన్సెట్రాన్ అనే వాంతి మందు ఇంజెక్షన్ ఒకటి, సిరంజితో డెక్సామెథసోన్ (డెక్సా) అనే స్టెరాయిడ్ ఒకటి ఇచ్చి, వెళ్లేటప్పుడు పది ఎమెసెట్ టాబ్లెట్లు, అవీ ఆండాన్సెట్రానే, చేతిలో పెట్టారు. చీటీ మీద "వాంతి వస్తేనే" అని రాసి ఉంది. ఆ రాత్రి అమ్మ పెరుగన్నం తిని హాయిగా పడుకుంది, మేమందరం అమ్మయ్య గండం గడిచిందనుకున్నాం, పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రెండో రోజు సాయంత్రం మొదలైంది. పక్కింట్లో పప్పుకి తాలింపు వేశారు, ఆ వాసనకి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బాత్రూం వైపు పరుగెత్తింది. అక్కణ్నుంచి ఇక ఆగలేదు. ఎమెసెట్ వేస్తే అయిదు నిమిషాల్లో టాబ్లెట్ టాబ్లెట్‌గానే బయటికొచ్చేది. మంచం పక్కన నీలం రంగు ప్లాస్టిక్ బేసిన్ పెట్టాను, మూడో రోజు నేను లెక్కపెట్టినంతవరకు పదకొండు సార్లు. చివర్లో పసుపు పచ్చటి పసరు తప్ప ఇంకేమీ లేదు, అయినా డోకులు ఆగవు. "లోపల ఏమీ లేదే, పేగులు బయటికొస్తాయేమో" అంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, కీమో అంటే అంతేనమ్మా, నాలుగు రోజులు ఓర్చుకోవాలి అన్నారు. నాలుగో రోజు కళ్లు తిరిగి పడబోతే కొత్తపేటలో సెలైన్ పెట్టించాం. ఆ వారంలో మూడు కిలోలు తగ్గింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది, ఇంక కీమో వద్దని అమ్మ అనడం.

ఓర్చుకోవాలి అన్న మాట మీద నాకిప్పటికీ కోపం ఉంది, ఎందుకంటే ఓర్చుకోనక్కర్లేదు. 1991 నుంచి ఆండాన్సెట్రాన్, 2003 నుంచి ఆప్రెపిటాంట్ అమెరికాలో ఆమోదం పొంది వాడుకలో ఉన్నాయి. ఇవేవీ లేకుండా ఇస్తే నూటికి 90 మందికి పైగా వాంతులు అవుతాయని లెక్క ఉన్న కీమోల గుంపులోదే అమ్మకి ఇచ్చింది. ఆ సంగతి ఆ ఆసుపత్రికి తెలిసే ఉండాలి.

రెండో సైకిల్‌కి విజయవాడలోనే సూర్యారావుపేటలో వేరే కీమో డేకేర్‌కి మారాం. అక్కడ డాక్టర్ గారు పాత ఫైల్ చూసి ఏమీ అనలేదు, ఒక కాగితం వెనక రెండు అలలు గీసి చూపించారు. మొదటి అల కీమో ఎక్కిన రోజుది. కీమో మందు చిన్నపేగు గోడలోని కొన్ని కణాలని దెబ్బతీస్తే అవి సెరటోనిన్ కుమ్మరిస్తాయి, అది అక్కడే ఉన్న నరాన్ని తట్టి, కడుపులో విషం పడింది బయటికి తోసెయ్ అని మెదడుకి కబురు పంపుతుంది. ఆండాన్సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలొనోసెట్రాన్ ఆ కబురుని అడ్డుకుంటాయి. రెండో అల మర్నాటి నుంచి మొదలై రెండు మూడు రోజులకి బాగా పెరుగుతుంది, అయిదో రోజు దాకా ఉండొచ్చు. దాన్ని నడిపించేది ముఖ్యంగా మెదడులో పనిచేసే సబ్‌స్టెన్స్ పి అనే ఇంకో పదార్థం. అది వెళ్లి తగులుకునే ఎన్‌కే1 అనే చోటుని ముందే మూసి కూర్చునేది ఆప్రెపిటాంట్. అమ్మకి మొదటి రాత్రి ఎందుకు బాగుందో, రెండో సాయంత్రం ఎందుకు కూలబడిందో నాకు అప్పుడు అర్థమైంది. మొదటి అలకి మందు ఇచ్చి రెండో అలకి వదిలేశారు. ఆడవాళ్లకి, కడుపుతో ఉన్నప్పుడు బాగా వేవిళ్లు ఉన్నవాళ్లకి, బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లకి ఇది ఇంకా ఎక్కువట. అమ్మకి ఆ మూడూ ఉన్నాయి, మొదటి చోట ఒక్కరూ అడగలేదు.

కిట్ కొనడం ఒక ప్రయాసే. ఆదివారం సాయంత్రం వెళ్లిన మొదటి మెడికల్ షాపులో, అది లేదు మేడం, ఓండమ్ తీసుకెళ్లండి, అదీ వాంతుల మందే అన్నారు. ఓండమ్ అంటే ఆండాన్సెట్రానే, పైన రాసింది తెలియకపోతే నేనూ తీసుకునేదాన్నే. ఒకటి బదులు ఒకటి వాడుకునే మందులు కావివి, వేరే తలుపులకి వేరే తాళాలు, రెండూ కలిపి వేయాలి. నాలుగో షాపులో దొరికింది. ఆ షాపాయన నాకు చాలా సాయం చేశాడు, పెట్టె విప్పి ఒక్కో క్యాప్సూల్ చూపిస్తూ, 125 మిల్లీగ్రాములది కీమోకి గంట ముందు, 80వి రెండున్నాయి కదా, మర్నాడు ఒకటి, ఎల్లుండి ఒకటి, పొద్దున్నే వేయండి, వాంతి లేదని మానొద్దమ్మా అని పెన్నుతో పెట్టె మీదే రోజులు రాసిచ్చాడు. ధర ఆండాన్సెట్రాన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, కంపెనీకీ కంపెనీకీ తేడా కూడా బాగా ఉంది, కాబట్టి ఒకే షాపులో అడిగి ఊరుకోకండి. మొదటిసారి సెలైన్లకీ ఆటోలకీ, నేను పెట్టిన సెలవులకీ అయిన ఖర్చు ముందు నాకది ఎక్కువ అనిపించలేదు, కానీ అందరికీ అలా ఉండదని తెలుసు. స్తోమత లేకపోతే ఆ మాట డాక్టర్ గారికి చెప్పండి, ఒలాంజపైన్‌ని మిగతా మందులతో కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అది చాలా చవక.

ఇప్పుడు రెండో సైకిల్. పొద్దున ఎనిమిదింటికి అమ్మ సగం ఇడ్లీ తిని 125 క్యాప్సూల్ మింగింది. తొమ్మిదింటికి సెలైన్‌లో పాలొనోసెట్రాన్, ఇది ఆండాన్సెట్రాన్ లాగా కొన్ని గంటల్లో దిగిపోదు, సగం కరగడానికే దాదాపు 40 గంటలు పడుతుంది. డెక్సామెథసోన్ మాత్రం సిస్టర్ చిన్న సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించింది. మొదటి చోట దాన్ని సిరంజితో గబగబా తోసేస్తే కూర్చునే చోట నిప్పురవ్వలు పడ్డట్టు మండి అమ్మ కెవ్వుమంది, సిగ్గుతో ఎక్కడో కూడా చెప్పలేదు. మెల్లగా ఇస్తే ఆ మంట లేదు. ఇంకో సంగతి, ఆప్రెపిటాంట్ ఉన్నప్పుడు డెక్సా ఒంట్లో తొందరగా కరగదు కాబట్టి దాని డోసు తగ్గించాలి, మా డాక్టర్ గారు తగ్గించారు. ఇలా ఇతర మందుల మీద ప్రభావం చూపే మందు కాబట్టి మీ ఇంట్లో వాళ్లు రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటిది వేసుకుంటుంటే తప్పక చెప్పండి.

ఇక రాత్రికి ఒలాంజపైన్ 2.5 మిల్లీగ్రాములు. దీని మీద మా ఇంట్లో గొడవైంది. మావయ్య ఫోన్లో వెతికి, ఇది మానసిక రోగాల మందు, అక్కయ్యకి ఎందుకిస్తున్నారు అని కూర్చున్నాడు. నిజమే, అది ఆ మందే. కానీ వికారాన్ని పుట్టించే డోపమిన్, సెరటోనిన్ రెండిటి కబుర్లనీ ఇది ఒకేసారి తగ్గిస్తుంది, అందుకే క్యాన్సర్ డాక్టర్లు తక్కువ డోసులో కొన్ని రాత్రులు మాత్రమే ఇస్తారు. మొదట్లో 10 మిల్లీగ్రాములు ఇచ్చేవాళ్లు, పేషెంట్లు మర్నాడంతా మత్తుగా ఉండేవాళ్లు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు 2.5 తోనూ దాదాపు అంతే పని జరుగుతుందని, మత్తు తక్కువని 2024లో చూపించారు. మనవాళ్లు మన పేషెంట్ల మీద చేసిన పరీక్ష అది, మావయ్యకి అదే చెప్పాను, ఊరుకున్నాడు. అమ్మకి 2.5కి కూడా రాత్రి లేస్తే కాళ్లు తేలిపోయేవి, అందుకని బాత్రూంకి నేను తోడు వెళ్లేదాన్ని. పెద్దవాళ్లు ఉంటే ఈ ఒక్కటీ చూసుకోండి.

మూడో రోజు సాయంత్రం కోసం నేను బేసిన్ కడిగి సిద్ధంగా పెట్టుకున్నాను. అయిదయింది, ఆరయింది. అమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తీసినవి ఒళ్లో ఉన్న పళ్లెంలో వేసుకుంటూ, "కాసిని కాఫీ పెట్టవే, పలచగా" అంది. నేను స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి చాలాసేపు పాలవైపే చూస్తూ ఉండిపోయాను.

వాంతులు మిగతా మూడు సైకిళ్లలో కలిపి రెండే సార్లు అయ్యాయి. వికారం మాత్రం పూర్తిగా పోలేదు, ఇది దాచకుండా చెప్పాలి. ఈ మందులన్నీ వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపవు. మూడో రోజు, నాలుగో రోజు కడుపులో దేవుతోంది అనేది, అన్నం వాసన పడేది కాదు. వేడివి మానేసి చల్లారిన ఇడ్లీ, మజ్జిగ, మరమరాలు గంటకోసారి కొంచెం కొంచెం పెడితే సరిపోయేది. మధ్యలో ఎక్కువైతే వేసుకోమని పెరినార్మ్ అనే ఇంకో వాంతి మందు రాశారు, ఒక్కసారి వాడాం.

ఇబ్బందులు చెప్తాను. మలబద్ధకం గట్టిగా వచ్చింది, అది ఎక్కువగా సెట్రాన్ మందులదే, రెండో రోజు నుంచే విరేచనానికి మందు అడిగి తెచ్చుకోండి, నాలుగో రోజు దాకా ఆగితే నరకం. డెక్సా వల్ల వెక్కిళ్లు ఒక పూటంతా, రాత్రి నిద్రలేమి, అందుకే ఇంటికి రాసిచ్చే డెక్సా టాబ్లెట్ పొద్దున్నే వేయాలి. అమ్మకి షుగర్ అంచుల్లో ఉంది, డెక్సా వాడే రోజుల్లో బాగా ఎక్కేది, గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకుని చూశాం.

మొదటి సైకిల్ చేసిన గాయం ఒకటి మాత్రం ఏ క్యాప్సూల్‌కీ లొంగలేదు. మూడో సైకిల్‌కి వెళ్తున్నాం, తాడేపల్లి దాటి కారు వారధి ఎక్కింది, కింద కృష్ణ కనపడగానే అమ్మ కారు ఆపమంది. ఇంకా ఒక్క చుక్క మందు ఎక్కలేదు. ఇంతకుముందు పడ్డ బాధని మెదడు గుర్తుపెట్టుకుని వికారాన్ని ముందే మొదలుపెట్టేస్తుందట. దానికి వాంతి మందులు అంతగా పనిచేయవు, డాక్టర్ గారు ముందు రాత్రికీ ఆ పొద్దునకీ లోరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మందు చిన్న డోసులో రాశారు. నాలుగోసారి వారధి మీదుగా కాకుండా సీతానగరం వైపు నుంచి బ్యారేజీ మీదుగా తీసుకెళ్లాను, కొంచెం నయం. మొదటి రోజే సరిగ్గా మందులిచ్చి ఉంటే అమ్మకి ఆ వంతెన ఎప్పటిలాగే ఉండేది. అందుకే ఒకసారి చూద్దాం, వాంతులైతే అప్పుడు అడుగుదాం అనుకోవద్దని అంత గట్టిగా చెప్తున్నాను.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక ఈ కిట్ అక్కర్లేదన్నారు, దానికి వాంతుల ప్రమాదం తక్కువ, చిన్న డోసు మందులతోనే గడిచిపోతోంది. కాబట్టి ప్రతి కీమోకీ ఇదే కావాలని పట్టుబట్టకండి, మీ కీమో ఏ రకమో అడిగి దాన్ని బట్టి వెళ్లండి.

కిట్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది ధరకి, ఎక్కడ పడితే అక్కడ దొరకనందుకు. కొనే ముందు పెట్టెలో 125ది ఒకటి, 80వి రెండు ఉన్నాయో లేదో అక్కడే విప్పి చూసుకోండి, నాలుగో సైకిల్‌కి ఒక షాపులో మాకు 80వి మాత్రమే ఇచ్చారు, ఇంటికొచ్చాక చూసుకుని మళ్లీ పరుగెత్తాను. కీమోకి వారం ముందే తెచ్చి పెట్టుకోండి, మూడో రోజు క్యాప్సూల్‌కి ఫోన్లో అలారం పెట్టండి, ఎందుకంటే ఆ రోజుకి మనిషి బాగానే కనిపిస్తుంది, అప్పుడే మర్చిపోతాం.