పథకం పనిచేసిందా అని తేల్చడానికి ఫిక్సెస్ట్: చాలాకాలం వాడాక

ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఉచితంగా దొరికే, రిగ్రెషన్ లెక్కలు చేసే ఫిక్సెస్ట్ (fixest) ప్యాకేజీకి అయిదుకి నాలుగున్నర మార్కులు వేస్తాను. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో తెలియాలంటే అసలు లెక్కొకటి దీంతో చేసి చూడాలి.

డిఫ్-ఇన్-డిఫ్ (పథకం వచ్చినచోటి మార్పులోంచి రానిచోటి మార్పు తీసేసి ప్రభావం కొలిచే పద్ధతి) నేర్చుకునేవాళ్లకి ఉపాధి హామీకి మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. 2006 ఫిబ్రవరిలో 200 జిల్లాల్లో మొదలైంది, 2007లో మరో 130 చేరాయి, 2008 ఏప్రిల్‌లో మిగతావన్నీ వచ్చాయి. జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 61వ రౌండు (2004 జూలై నుంచి 2005 జూన్) పథకానికి ముందుది, 64వ రౌండు (2007 జూలై నుంచి 2008 జూన్) తర్వాతది. మొదటి రెండు విడతల జిల్లాల్లో (ట్రీట్‌మెంట్) కూలిరేటు ఎంత మారిందో, మూడో విడత జిల్లాల్లో (కంట్రోల్) ఎంత మారిందో చూసి తేడా తీస్తాం.

ఈ ప్యాకేజీలో రిగ్రెషన్ చేసే ఫంక్షన్ ఫియోల్స్ (feols). అందులో ఇది ఒక్క లైను. ఎడమవైపు కూలిరేటు లాగ్ (లాగరిథమ్), తర్వాత టిల్డా (~), ట్రీట్‌మెంట్ జిల్లాని 64వ రౌండుతో గుణించిన వేరియబుల్, నిలువు గీత, దాని అవతల జిల్లా, రౌండు (వాటి స్థిరమైన తేడాలు లెక్కలోంచి పోవడానికి). మనిషి ఐడీ అక్కడ పెట్టకూడదు, రెండు రౌండ్లలోనూ అడిగింది వేర్వేరు మనుషుల్ని. లక్షల వరుసలున్నా జవాబు క్షణాల్లో వస్తుంది. ఫలితాలు పట్టికగా ఇచ్చే ఈటేబుల్ (etable) ఉంటే నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇంత సులువుగా వచ్చిన జవాబు తప్పయ్యేది దాదాపు ఎప్పుడూ ఆ లైనుకి ముందే. 64వ రౌండు నాలుగో సబ్‌రౌండు (రౌండులో మూడు నెలల భాగం) 2008 ఏప్రిల్-జూన్‌ది. అప్పటికి మూడో విడత జిల్లాల్లోనూ పథకం మొదలైంది. ఆ మూడు నెలలు ఉంచేస్తే కంట్రోల్‌లోకి ట్రీట్‌మెంట్ కలిసిపోయి ప్రభావం అసలుకంటే తక్కువ కనబడుతుంది. తీసేసేటప్పుడు 61వ రౌండులో కూడా నాలుగో సబ్‌రౌండు తీసెయ్యాలి, లేకపోతే ఒకవైపు వేసవి ఉండి రెండోవైపు ఉండదు. కూలిరేటు సీజన్ని బట్టే కదా మారేది! వెయిట్ల (ఒక్కో వరుస ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యల) విషయంలోనూ పొరపాటు చాలామందికి జరుగుతుంది: సర్వే ఫైల్లో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే పేర్లున్న కాలమ్‌లు సమానమైతే మల్టిప్లయర్ కాలమ్‌ని 100తో, కాకపోతే 200తో భాగించాలి.

క్లస్టర్ (ఒకదానితో ఒకటి ముడిపడ్డ వరుసల గుంపు) తప్పకుండా జిల్లా మీదే ఇవ్వండి, డిఫాల్ట్‌కి వదలొద్దు. పథకం వచ్చింది జిల్లాకి. ఒకే జిల్లాలోని వెయ్యిమంది కూలీలని వెయ్యి విడి సాక్ష్యాలుగా లెక్కేస్తే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో అనిశ్చితి ఎంతో చెప్పే కొలత) బాగా చిన్నదై, లేని ప్రభావానికి కూడా నక్షత్రాలు (ఫలితం యాదృచ్ఛికం కాదని సూచించే గుర్తులు) పడతాయి.

పోయిన అర మార్కు ఇక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదానికే ఇదే లెక్క చేస్తే గ్రామీణ జిల్లాలు 22. మొదటి విడతలో 13, రెండో విడతలో 6, మూడులో కృష్ణా, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం. అంటే కంట్రోల్ మూడే జిల్లాలు. క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్ నిలబడాలంటే రెండు వైపులా చాలినన్ని క్లస్టర్లుండాలి. ప్యాకేజీ మాత్రం ఒక్క హెచ్చరికా లేకుండా చక్కటి టేబుల్ ఇచ్చేస్తుంది. క్లస్టర్లు తక్కువున్నప్పుడు వాడే వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పద్ధతి వేరే ప్యాకేజీతో చేసుకోవాలి, మూడు జిల్లాలకి అదీ పూర్తిగా ఆదుకోదు. పైగా వెనకబడిన జిల్లాలకే పథకం ముందు ఇచ్చారు. కృష్ణా డెల్టా కూలిరేటు, మహబూబ్‌నగర్ కూలిరేటు పథకం లేకున్నా ఒకే దారిలో నడిచేవని రెండు రౌండ్ల డేటాతో ఎవరూ చూపలేరు. అందుకే దేశం మొత్తం డేటాతో చేయమంటాను.

రౌండ్లు ఎక్కువైతే, విడతలవారీగా వచ్చిన పథకాల కోసం ఇదే ప్యాకేజీలో ఉన్న సనాబ్ (sunab) ఫంక్షన్ వాడాలి. పథకం అసలు రాని యూనిట్లుంటే వాటికి పథకం మొదలైన సంవత్సరం కాలమ్‌ని ఖాళీ వదలకుండా 10000 లాంటి సంఖ్య ఇవ్వాలి. ఉపాధి హామీలో చివరికి అందరికీ వచ్చేసింది కాబట్టి 2008 ఏప్రిల్ తర్వాతి డేటాకి కంట్రోలే ఉండదు.

2016 అక్టోబరు తర్వాతి తెలంగాణ డేటా, 2022 ఏప్రిల్ తర్వాతి ఆంధ్రప్రదేశ్ డేటా జోడించేవాళ్లు జిల్లా కోడ్ కలిపేసి ఊరుకోవద్దు, అప్పుడు జిల్లాల హద్దులు మారాయి. సిద్దిపేటలో పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడింటి మండలాలూ ఉన్నాయి. 2022లో ఏర్పడినప్పుడు అల్లూరి జిల్లాలో విశాఖవీ తూర్పు గోదావరివీ ఉన్నాయి. ఏ మండలం పాత ఏ జిల్లాదో చెప్పే పట్టిక ముందు తయారుచేసుకుని, ఆ తర్వాతే ఫియోల్స్ తెరవండి.