నోథో గుడ్లకు ఏది మేలు: కోకోపీట్ కవరా, నీళ్ల డిష్షా?

నోథోబ్రాంకియస్ చేపలు తూర్పు ఆఫ్రికా వాన గుంటల్లో పుట్టి, గుంట ఎండేలోపు బురదలో గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. గుడ్లు మాత్రం మళ్లీ వాన పడేదాకా మట్టిలో ఆగుతాయి. ఇంట్లో ఆ ఎండాకాలాన్ని మనమే కల్పించాలి. గుడ్లను దాచడానికి వాడే విదేశీ పీట్ నాచు పుల్లగా ఉండి బూజును కొంత ఆపుతుంది కానీ ఖరీదెక్కువ, మనవైపు సులభంగా దొరకదు. దాన్ని పక్కన పెడదాం.

కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు, దాని ఇటుక ఏ నర్సరీలోనైనా ఉంటుంది. అందులో ఉప్పు ఉండొచ్చు కాబట్టి నానబెట్టి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఒకసారి ఉడకబెట్టాలి. చేపలు గుడ్లు పెట్టిన కోకోపీట్‌ను వలలో వడకట్టి, గట్టిగా పిండి, పేపరు మీద కాసేపు ఆరబెట్టాలి. గుప్పిట్లో నొక్కితే చుక్క రాకూడదు, వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. తడెక్కువైతే గుడ్లకు గాలాడక బూజు పడుతుంది, మరీ ఎండితే సొట్టపడతాయి. జిప్ కవర్లో వేసి జాతి పేరు, తేదీ రాస్తే పని అయిపోయినట్టే. వందల గుడ్లున్నా ఇంతే.

చిక్కల్లా మన ఎండతోనే. గుంథెరీ అనే నోథో జాతి గుడ్లు పొదగడానికి సిద్ధం కావాలంటే మూడు నెలలన్న లెక్క 24 డిగ్రీల చుట్టూ ఉండే గదులకు సంబంధించింది. 28 దాటితే మధ్యలో ఆగాల్సిన గుడ్లు ఆగకుండా ఎదిగిపోతాయి, రెండు నెలల్లోపే సిద్ధం కావచ్చు. కవర్లో అది కంటికి కనపడదు. రోహిణి కార్తెలో అటక మీద పెట్టిన కవర్లో గుడ్లు మిగలవు. కింది అంతస్తులో, ఎండ తగలని లోపలి గదిలో, థర్మకోల్ పెట్టెలో ఉంచాలి. ఫ్రిజ్‌లో వద్దు, ఎదుగుదలే ఆగిపోతుంది.

డిష్ పద్ధతిలో సన్నటి ఇసుకలో గుడ్లు పెట్టించి, జల్లించి ఏరాలి. ఒక్కొక్కటీ మిల్లీమీటరు మాత్రమే. క్లోరిన్ పోయిన నీటిలో, లీటరుకు రెండు చుక్కల ఒక శాతం మెథిలీన్ బ్లూ (బూజును ఆపే నీలి మందు) కలిపి, డిష్షుకు 50 గుడ్లకు మించకుండా ఉంచాలి. తెల్లబడ్డవి రోజూ తీసేయాలి. ఒక్కటి వదిలినా బూజు పక్కవాటికి అంటుకుంటుంది. మంచి సంగతేమిటంటే ఏది బతికిందో భూతద్దంలో కనపడుతుంది. కానీ చివరిదాకా నీళ్లలోనే ఉంచితే పిల్లలు సరిగా రావు, పొడి దశ తప్పదు.

ఏసీ గది ఉండి గుడ్లు ఎక్కువగా ఉంటే కవరే మేలు. మార్చి నుంచి జూన్ దాకా, లేదా చేతిలో ఇరవై ముప్ఫై గుడ్లే ఉంటే, రెండు వారాలు డిష్‌లో ఉంచి, బతికినవాటిని తడి కోకోపీట్ పైన పరిచి మూతపెట్టడమే నయం. గుడ్డు లోపలి పిల్ల కంటి చుట్టూ బంగారు వలయం కనపడగానే, పొదగడానికి నీళ్లు పోసి తడపొచ్చు, క్యాలెండరు చూడనక్కర్లేదు.

తడపడం ఏ పద్ధతికైనా ఒకటే. నీళ్లు 20 డిగ్రీలుండాలి. మన కుళాయి నీళ్లు అంత చల్లగా ఉండవు కాబట్టి ఫ్రిజ్ నీళ్లు కలపాలి. లోతు నాలుగైదు సెంటీమీటర్లు చాలు. సాయంత్రానికి పొదగకపోతే చిటికెడు చేప మేత పొడి వేయాలి. అది కుళ్లడం మొదలై ఆక్సిజన్ తగ్గితే గుడ్లు పగులుతాయి. పొట్ట నేలకు రాసుకుంటూ పాకే పిల్లలు ఎక్కువైతే తొందరపడి తడిపారని గాని, బాగా ఆలస్యం చేశారని గాని అర్థం. వాటి గాలి తిత్తి నిండదు, ఇక ఈదవు. మిగతావాటికి అదే రోజు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న జీవులు) మేతగా వేయాలి. పీట్‌ను మాత్రం పారేయొద్దు. మళ్లీ పిండి కవర్లో పెట్టి మూడు నాలుగు వారాలకు తడిపితే ఇంకో విడత పిల్లలు వస్తాయి.