చీకటి కవితకు తట్టుకున్న కాగితం: ఆర్ష్ 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ బ్లాక్

ఫ్రెంచ్ కవి షార్ల్ బోద్లేర్ 1857లో వెలువరించిన ‘లే ఫ్లర్ ద్యు మాల్’ (చెడు పూలు) సంపుటిలో, దారి పక్కన ఎండకు కుళ్ళుతున్న కళేబరాన్ని ప్రేయసికి చూపించే కవిత ఒకటుంది. అదే ఏడాది పారిస్ న్యాయస్థానం నిషేధించిన ఆరు కవితల్లో ఇది లేకపోవడం నాకిప్పటికీ వింతే. దీనికి నీటిరంగుల్లో బొమ్మ వేయబోతే, ముందు వాడిన చెక్కగుజ్జు ప్యాడ్ మూడో పూతకే నూగు లేచి పాడైంది. అప్పుడు ఆర్ష్ అనే ఫ్రెంచ్ కంపెనీ బ్లాక్ కొన్నాను, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే, కాస్త గరుకైన (కోల్డ్ ప్రెస్) కాగితాలను అంచుల్లో అంటించిన కట్ట.

నీటిరంగు ఆరాక వెలిసినట్టు కనిపిస్తుంది కనుక, తడి మీద కాటుకలా ఉన్నది తెల్లారేసరికి బూడిదరంగుగా మిగులుతుంది. ట్యూబులోని నలుపు పులిమితే మసి పూసినట్టుంటుందే తప్ప లోతు రాదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపిన ముదురు రంగును ఒక్కో పూతా పూర్తిగా ఆరనిచ్చి ఐదుసార్లు వేశాను. నూరు శాతం నూలుతో చేసిన ఈ కాగితం మీద అడుగు పూతలు కదలలేదు. కళేబరం పొట్ట దగ్గర తడి ఇండిగో నీలంలో పెరిలీన్ మెరూన్ అనే ముదురు ఎరుపు చుక్క వదిలితే, అంచులు కమిలిన గాయంలా విచ్చుకున్నాయి. ఆ ఒక్క చోటు కోసమే ఈ కాగితానికి డబ్బు పెట్టవచ్చు. అయితే పట్టిన రంగును మళ్ళీ తడిపి ఎత్తడం కష్టం, కాబట్టి వెలుగు పడే చోట్లను ముందే వదిలిపెట్టుకోవాలి.

రోహిణి కార్తె ఎండల్లో కుంచె రెండో అంచు చేరేలోపే పూత ఆరిపోయేది. తెల్లవారుజామున కూర్చున్నాక గానీ పని సాగలేదు.

రంగు ఒక్కసారిగా ఇంకిపోకుండా కాగితానికి పట్టించిన జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. తడవగానే సన్నగా పచ్చి వాసన వస్తుంది. శాకాహారులకు ఇది పట్టింపు కావచ్చు గానీ, ఈ కవిత బొమ్మకు మాత్రం ఆ వాసన తోడుగానే అనిపించింది. ధర మామూలు ప్యాడ్ల కంటే చాలా ఎక్కువ కనుక చిత్తు బొమ్మలకు వాడకండి.

ఆన్‌లైన్‌లో అమ్మినవారు పలచటి కవరులో పంపడం వల్ల బ్లాక్ ఒక మూల నలిగి వచ్చింది, ఫిర్యాదుకు జవాబూ లేదు. నలిగిన పీచు రంగును ఎక్కువగా పీల్చి అక్కడ నల్లటి మచ్చలు తేలాయి. వాటికి రెక్కలు గీసి, కవితలోని ఈగలను అక్కడే వాల్చాను.