డీఎల్‌సీ కోటింగ్ ఓ-రింగులని చెప్పి గ్రాఫైట్ పూసిన రబ్బరు అంటగడుతున్నారు, జాగ్రత్త

న్యూమాటిక్ సిలిండర్లు, పౌడర్ ప్యాకింగ్ మెషీన్లు నడిపేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. జీడిమెట్లలోని మా యూనిట్‌కి డీఎల్‌సీ, అంటే డైమండ్ లైక్ కార్బన్ అనే, ఘర్షణ తగ్గించే గట్టి కార్బన్ పొర కోటింగ్ ఉన్న నైట్రైల్ (నూనెకి తట్టుకునే కృత్రిమ రబ్బరు) ఓ-రింగులు, అంటే గాలి కారకుండా రాడ్ చుట్టూ వేసే రబ్బరు రింగులు, అని చెబితే తెప్పించాం. గ్రీజు తగలకూడని చోట వాడాలి కాబట్టే మామూలు రింగు ధరకి ఎన్నో రెట్లు పెట్టాం. పాలపొడి నింపే మెషీన్‌కి బిగించిన కొద్ది రోజులకే రాడ్ మీద నల్లటి చారలు, ఆ వెంటనే పౌచ్‌ల మీద నల్లటి మచ్చలు. ఆ లాట్ మొత్తం పక్కన పెట్టేశాం. వాడని కొత్త రింగుని తెల్లగుడ్డతో తుడిచి చూస్తే గుడ్డ నల్లబడింది, వేళ్లకి కూడా జారుడుగా అంటుకుంది. అది గ్రాఫైట్ స్ప్రే, అంతే. తినే సరుకు దగ్గర ఇలాంటిది అమ్మడం నాకు మామూలు మోసంలా అనిపించడం లేదు.

అసలు డీఎల్‌సీ అలా చేతికి అంటదు. వాక్యూమ్ ఛాంబర్‌లో ఎసిటిలీన్ లాంటి గ్యాస్‌ని ప్లాస్మాగా మార్చి, లేదా కార్బన్ దిమ్మని అయాన్లతో కొట్టి పరమాణువులు లేచేలా చేసి (స్పట్టరింగ్ అంటారు), రబ్బరు మీద మైక్రాన్‌కి అటూ ఇటూగా ఉండే పొర వేస్తారు. నూనె లేకుండా రబ్బరు ఉక్కు మీద రాసుకుంటే ఘర్షణ గుణకం (రాపిడి ఎంతో చెప్పే సంఖ్య) 1 దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. మంచి కోటింగ్ పడితే 0.2 దగ్గరికి దిగుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ వాళ్లు దీని మీద చాలా పని చేశారు. మైక్రోస్కోప్ కింద ఆ పొర ఎండిన చెరువు నెర్రెల్లా ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడి మంచి సరుకుని తిప్పి పంపకండి, ఆ నెర్రెలు ఉండబట్టే రబ్బరు వంగినా సాగినా పొర ఊడకుండా నిలుస్తుంది. పొలుసులుగా లేచి రాలుతుంటేనే తప్పు.

ఈ దొంగ సరుకు అమ్మేవాళ్ల ఆట సాగడానికి కారణం రంగు. నైట్రైల్ రబ్బరులో ముందే కార్బన్ బ్లాక్ (నల్లటి మసిపొడి) కలిపి ఉంటుంది కాబట్టి కోటింగ్ ఉన్నా లేకపోయినా నలుపే. రామన్ రిపోర్ట్ (లేజర్ కాంతితో పైన ఏ రకం కార్బన్ ఉందో చూసే పరీక్ష) చూపించి నమ్మిస్తారు, కానీ పొర పలచగా ఉంటే కింది కార్బన్ బ్లాక్ కూడా అందులో కార్బన్‌గానే కనిపిస్తుంది. మాకు పంపిన టెస్ట్ రిపోర్ట్ ఉక్కు ముక్క మీద చేసింది, ప్రాసెస్ టెంపరేచర్ 200 డిగ్రీలని వాళ్లే రాశారు! నైట్రైల్‌ని అంత వేడిలో ఉంచితే గట్టిపడి సాగే గుణం పోతుంది, సీల్‌గా పనికిరాదు. ఫోన్ చేసి అడిగితే ముందు "మొదట్లో కొంచెం రాలుతుంది సార్, తర్వాత సెట్ అవుతుంది" అన్నారు, తర్వాత ఫోనే ఎత్తలేదు.

అందుకే ఆర్డర్‌లోనే రాయించుకోండి: మీ రింగులతో పాటు అదే బ్యాచ్‌లో ఒక గాజు స్లైడ్, ఒక మూల టేప్ అంటించి, ఛాంబర్‌లో పెట్టాలి. టేప్ తీసిన చోట పొర అంచు దగ్గర ఏర్పడే మెట్టు ఎత్తు కొలిస్తే మందం తెలుస్తుంది, రామన్ కూడా ఆ గాజు మీదే చేయించాలి. వీలైతే రెండు మూడు తెల్ల సిలికాన్ రింగులు కూడా కోటింగ్‌కి ఇవ్వండి, పొర పడిందో లేదో కళ్లతోనే చూడొచ్చు. కోటింగ్‌కి ముందు రబ్బరు పైకి తేలే మైనం, నూనె ఎలా కడుగుతారో, ఎంత వేడి దాటనివ్వరో అడగండి. నిజంగా ఈ పని చేసేవాడు ఆ మాట ఎత్తగానే గంట సేపు మాట్లాడతాడు, మధ్యలో కొని అమ్మేవాడు ధర తగ్గిస్తానంటాడు. సరుకు చేతికి రాగానే తెల్లగుడ్డతో తుడిచి, టేప్ అంటించి లాగి పొర ఊడుతుందేమో చూసుకుని, రింగుని కాస్త సాగదీసి మళ్లీ తుడిచి చూసి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇలాంటి రింగులు ఇప్పటికే బిగించి ఉంటే పైన గ్రీజు రాసి నెట్టుకురాకండి, గ్రాఫైట్ అందులో కలిసి ఇంకా పాకుతుంది. విప్పి, గ్రూవ్ (రింగు కూర్చునే గాడి), రాడ్ తెల్లగుడ్డకి మరక అంటనంత వరకు తుడిచి, మామూలు నైట్రైల్ రింగు వేసి ఫుడ్ గ్రేడ్ గ్రీజు చాలా తక్కువగా పెట్టండి. మేము ప్రస్తుతం అలాగే నడుపుతున్నాం. మీకూ ఇలాంటి సరుకు వచ్చి ఉంటే ప్యాకెట్ మీది బ్యాచ్ నంబర్ కింద రాయండి, మా దానితో పోల్చి చూస్తాను.