టైగర్ అండ్ బన్నీ ‘కంప్లీట్ బాక్స్ సెట్’ కొనేముందు ఇది చదవండి

ఇన్‌స్టాలో ఒక పేజీ ఒక జపాన్ కార్టూన్ సిరీస్ డీవీడీలను ‘టైగర్ అండ్ బన్నీ కంప్లీట్ బాక్స్ సెట్, ఒరిజినల్ ఇంపోర్ట్’ అని అమ్ముతోంది. రేటు 2,499 రూపాయలు. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, డబ్బు ముందే యూపీఐలో పంపాలి. దయచేసి కొనకండి. నాకు వచ్చింది ఒరిజినల్ కాదు, ఇంపోర్ట్ కాదు, కంప్లీట్ అయితే అసలే కాదు.

సిరీస్ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. జపాన్‌లో సన్‌రైజ్ స్టూడియో తీసిన యానిమే (అక్కడి కార్టూన్ సిరీస్) ఇది, 2011లో 25 ఎపిసోడ్లుగా వచ్చింది. స్టెర్న్‌బిల్డ్ అనే నగరంలో సూపర్‌హీరోలు దొంగల్ని పట్టుకోవడమే టీవీలో లైవ్ షో. పట్టుకుంటే ఇన్ని పాయింట్లు, కాపాడితే ఇన్ని పాయింట్లు. హీరోల సూట్ల మీద పెప్సీ, బొమ్మలు చేసే బందాయ్ లాంటి నిజం కంపెనీల లోగోలు కూడా ఉంటాయి. వైల్డ్ టైగర్ అనే కొటేట్సు పాతకాలం మనిషి. భార్య పోయింది, ఒక కూతురు. జనాన్ని కాపాడబోయి కట్టడాలు విరగ్గొడుతుంటాడు. అతనికి కంపెనీ అంటగట్టిన కుర్ర పార్ట్‌నర్ బార్నబీ, టైటిల్లో బన్నీ ఇతనే. ఇద్దరిదీ ఒకటే పవర్, ఐదు నిమిషాలపాటు వంద రెట్ల బలం. మొదట్లో ఒకరంటే ఒకరికి పడదు. ఆ కీచులాటలోంచే కామెడీ పుడుతుంది, పోనుపోను అదే విడదీయలేని స్నేహం అవుతుంది. ఆ తర్వాత 2012లో, 2014లో రెండు సినిమాలు వచ్చాయి. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో రెండో సీజన్ ఇంకో 25 ఎపిసోడ్లు వచ్చింది. అంటే కంప్లీట్ అనాలంటే 50 ఎపిసోడ్లు, రెండు సినిమాలు ఉండాలి. నాకొచ్చిన అట్టపెట్టె మీద కూడా 1-50 అనే వేశారు. లోపల ఉన్నవి మూడే డీవీడీలు, మొదటి సీజన్ మాత్రమే.

పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే. బాక్సు మీద ప్రింట్ నిగనిగలాడుతోంది. డిస్క్ వెనక్కి తిప్పితే ఊదారంగు. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్క్ అడుగు వెండిలా తెల్లగా ఉంటుంది. ఊదారంగు కనిపించిందంటే కంప్యూటర్లో రైట్ చేసిన ఖాళీ డీవీడీ అన్నమాట. మధ్య బెజ్జం చుట్టూ ఉండే సన్నటి రింగును వెలుతురులో చూస్తే ఆ ఖాళీ డిస్క్ తయారుచేసిన కంపెనీ పేరు కూడా కనిపించింది. లేబుల్ వేసినవాళ్లు కనీసం దాన్నయినా కప్పిపెట్టలేదు.

ఇక బొమ్మ క్వాలిటీ. మొదటి సీజన్ ఒక్కటే మొత్తం పది గంటలు. 4.7 జీబీ డిస్కులో చూడదగ్గ క్వాలిటీతో రెండు గంటలు పెడితే ఎక్కువ. వీళ్లు ఒక్కోదాంట్లో మూడు గంటలకు పైగా కుక్కారు. మామూలు మాటల సీన్లు ఎలాగో గడిచిపోతాయి. ఫైట్ మొదలై, పవర్ ఆన్ అయి ఇద్దరి సూట్లూ మెరిసేసరికి స్క్రీనంతా ఆకుపచ్చ, ఎరుపు గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. సబ్‌టైటిల్స్ ఇంకా ఘోరం. కొటేట్సు ఏదో అంటాడు, బార్నబీ దానికి విసుక్కుంటాడు, అప్పుడు కొటేట్సు డైలాగ్ కింద పడుతుంది. ఇద్దరు మగాళ్లు మాటకు మాట అనుకోవడం మీద నడిచే సిరీస్‌లో టైమింగ్ పోయాక చూడ్డానికి మిగిలేదేముంది? కోఠిలో ఫుట్‌పాత్ మీద సీడీలు అమ్మినవాళ్లే నయం, పైరసీ అని ఒప్పుకుని పైరసీ రేటుకే ఇచ్చేవాళ్లు.

మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: ‘మీ ప్లేయర్ ప్రాబ్లమ్ బ్రో, ఇంపోర్ట్ డిస్క్ కదా, రీజియన్ ఇష్యూ ఉంటుంది.’ బాక్సు వెనకాల మాత్రం ఆల్ రీజియన్ అని పెద్దక్షరాల్లో ఉంది! అదే ఫొటో తీసి పంపాను. బ్లాక్ చేశారు.

ఈ రీజియన్ సంగతి, అంటే ఏ దేశపు డిస్క్ ఏ దేశపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే కోడ్ సంగతి, అందరూ తెలుసుకోవాలి. ఎందుకంటే నిజమైన డిస్క్ తెప్పించినా ఇక్కడ చిక్కే. డీవీడీల్లో అమెరికాది రీజియన్ 1, జపాన్‌ది 2, మనది 5. బ్లూరేకి వస్తే జపాన్, అమెరికా రెండూ ఎ, మనది సి. అక్కడి అసలు డిస్కుల మీద చాలావరకు ఈ లాక్ ఉంటుంది, మన మామూలు ప్లేయర్లో ఆడవు. కాబట్టి ‘ఒరిజినల్ ఇంపోర్ట్, ఎక్కడైనా ఆడుతుంది’ అని ఎవరైనా అన్నారంటే ముందు అనుమానించండి. డిస్క్ వెనకభాగం ఫొటో అడగండి. ఇన్ని ఎపిసోడ్లు ఎన్ని డిస్కుల్లో ఉన్నాయో అడగండి. అసలు అమ్మకందారుకి ఈ ప్రశ్నలు కష్టం కాదు. ఆ పేజీలో రివ్యూలని పెట్టిన స్క్రీన్‌షాట్లు కూడా మళ్లీ చూశాను. పేర్లు వేరు, కానీ అన్నింట్లోనూ ఒకటే స్పెల్లింగ్ తప్పు.

‘నో రిటర్న్, నో రీఫండ్’ అని బయోలో రాసుకున్నంత మాత్రాన చెల్లదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం వస్తువు నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనంటే కుదరదు, డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. డబ్బు తీసుకుని అసలు పార్సిలే పంపకుండా మాయమైతే అది సైబర్ మోసం, వెంటనే 1930కి కొట్టండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. చాట్, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్, పార్సిల్ విప్పుతున్న వీడియో, మూడూ దాచుకోండి. బ్లాక్ చేస్తారని ఊహించి చాట్ ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను, కంప్లైంట్‌కి అవే పనికొచ్చాయి.

అదే పేజీలో వైల్డ్ టైగర్, బార్నబీ బొమ్మలు కూడా ఉన్నాయి, బందాయ్ వాళ్ల ఎస్.హెచ్.ఫిగువార్ట్స్ బ్రాండ్ బొమ్మలని చెప్పి. నేను కొనలేదు గానీ వాళ్లు పెట్టిన ఫొటోను జూమ్ చేసి చూడండి. బార్నబీ సూట్ మీది లోగో అక్షరాలు అలికినట్టు ఉన్నాయి. బందాయ్ వాడు తన బొమ్మ మీద తన పేరే చదవలేనట్టు వేసుకుంటాడా? అసలు పెట్టె మీద సన్‌రైజ్, జపాన్ టీవీ చానెల్ ఎంబీఎస్ పేర్లతో కాపీరైట్ లైన్ ఉంటుంది. వీళ్లు పెట్టె వెనకవైపు ఒక్క ఫొటో కూడా పెట్టలేదు.

నా కంప్లైంట్ ఇంకా తేలలేదు, డబ్బు రాలేదు. పేజీ ఈమధ్యే పేరు మార్చుకుంది, ఫొటోలు మాత్రం అవే: నల్ల టేబుల్ క్లాత్ మీద బాక్సు, పక్కన ఎర్ర మగ్గు. ఆ ఫొటో ఎక్కడ కనిపించినా, ఏ సిరీస్ పేరుతో కనిపించినా, డబ్బు పంపకండి.