గడ్డి మిషన్ ఇంజనుతో పెన్న ఇసుకలో నాలుగేళ్లు

బండి పొడవు, బరువు, గేర్ల లెక్క నేను రాయబోవడం లేదు. కొనేముందు అందరూ కంఠతా పట్టేవే అవి. అసలు బండిలో ఐదో వంతు సైజుండి, రిమోట్‌తో నడిచే పెట్రోల్ బగ్గీని నాలుగేళ్లు నడిపాక గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: దీని ఇంజను గడ్డి కోసే మిషన్ ఇంజనుకు సొంత తమ్ముడు. మొదట్లో ఈ మాట ఎవరైనా అంటే నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆ చుట్టరికమే చూసుకుని మురిసిపోతున్నాను.

2021లో బెంగళూరులో ఒకరు వాడిన బండిని తీసుకున్నాను. అంతకుముందు ఏడాదే ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి ఎక్కింది కాబట్టి కొత్తదాని జోలికి పోలేదు. ఇదే రకంలో ప్రత్యేక ఇంధనంతో నడిచే నైట్రో బండ్లు వద్దనుకోవడానికి కారణం ఆ ఇంధనమే. మిథనాల్, నైట్రోమీథేన్ కలిపిన డబ్బాల కోసం నెల్లూరులో కూర్చుని ఎవరి చుట్టూ తిరగను? దీనికి బంకు పెట్రోలు, అందులో కలిపే 2టీ ఆయిల్ ఉంటే చాలు. ఆయిల్ అడిగినప్పుడు బంకులో పెద్దాయన "ఇంకా చేతక్ ఉందా బాబూ?" అని ముచ్చటపడి, లీటరుకు 20 మిల్లీలీటర్లు పొయ్యమని సలహా కూడా ఇచ్చాడు. స్కూటరుకు అది సరే. దీనికి 40 పోయాలి.

నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పేది కావాలా, వెనక చక్రాలనే తిప్పేది చాలా అని నెల రోజులు తలపట్టుకుని చివరికి వెనకదే ఎంచుకున్నాను. ఎండాకాలం పెన్నలో నీళ్లు తగ్గి ఇసుక తేలినప్పుడు ఇసుకను తోసే తెడ్ల లాంటి పట్టీలున్న టైర్లు వేసి వదిలితే, వెనక ఇసుక తెర లేస్తుంది చూడండి, ఆ ఒక్క దృశ్యానికి డబ్బు గిట్టుబాటైనట్టే. గట్టి నేల మీద మాత్రం మలుపులో గిరగిరా తిరిగిపోతుంది. టైర్లలో గాలి బదులు స్పాంజి ఉంటుంది గనుక గట్టు మీద తుమ్మ ముళ్లకు భయం లేదు.

మార్పుల్లో ముందు చేయాల్సింది స్టీరింగ్ సర్వో, అంటే ముందు చక్రాలను మళ్లించే చిన్న మోటారు. కంపెనీది బలహీనం, లోహపు గేర్లది, బలమైనది వేయండి. రిమోట్ అందనప్పుడు బండిని ఆపే ఫెయిల్‌సేఫ్ సరిచూసుకోండి, పది కిలోల బండి సిగ్నల్ పోయి మనుషుల మీదకు వెళితే నవ్వులాట కాదు. ఇంతవరకు వివాదం లేదు.

నేను చేసిన మూడో మార్పు సైలెన్సర్ తీసేసి ట్యూన్డ్ పైపు, అంటే ఇంజను శక్తి పెంచేలా మలిచిన పొగగొట్టం బిగించడం. దాని గురించి కనబడిన వారందరికీ గొప్పలు చెప్పాను. ఆ గొప్పల్లో సగం ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం బండి ఎన్నడూ లేనంత వేగంగా పోయింది. ఇంజను మోత సన్నబడి ఈలలా సాగింది. పైపు పనితనమనుకుని ఇంకో రెండు చుట్లు తిప్పాను. మూడో చుట్టులో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. చల్లారాక స్టార్టు చేసే తాడు లాగితే, ఎప్పుడూ మోచేతిని గుంజే తాడు బావిలో తెగిన చేదలా తేలిగ్గా వచ్చేసింది. కంప్రెషన్ లేదు, అంటే సిలిండర్‌లో ఒత్తిడి నిలవడం లేదు.

ఇసుకే మింగిందని నిర్ధారించుకుని, ఆ రాత్రే రెండు పొరల ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ ఆర్డరు పెట్టాను. ఇంజను విప్పే ధైర్యం లేక, గూడూరు దగ్గర నిమ్మతోటల రైతుల గడ్డి మిషన్లు బాగుచేసే దుకాణానికి పట్టుకెళ్లాను. మెకానిక్ బండిని చూసి నవ్వలేదు. ముందు ప్లగ్గు విప్పి నా కళ్ల ముందు పెట్టాడు. కొసన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. తర్వాత పైపు ఊడదీసి, ఫోను దీపం వేసి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూపించాడు. నిలువుగా గీతలు.

"ఇసుకే కదన్నా?" అన్నాను.

"దుమ్ము తింటే గీతలు గాలి వచ్చే వైపు పడతాయి సార్. ఇవి పొగ పోయే వైపు ఉన్నాయి. దీనికి పెట్రోలు చాలక మాడింది."

కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే నల్ల ప్లాస్టిక్ దిమ్మను వేలితో కదిపాడు. కదిలింది! అదురుకు మరలు వదులై, గాస్కెట్ అంచున నూనె, దుమ్ము కలిసిన నల్లటి తడి చార కట్టింది. అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోయి పెట్రోలు పాలు తగ్గుతోంది. దానికి తోడు పైపు మార్చాక కార్బురేటర్‌లో పెట్రోలును సర్దే పెద్ద సూదిని తిప్పి పెంచాల్సింది, నేను పెంచలేదు. కార్బురేటర్ విప్పితే, లోపల పెట్రోలు అందించే పల్చటి పొర, డయాఫ్రం, అప్పడంలా బిర్రబిగిసి ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు వర్షాకాలమంతా ట్యాంకులోనే ఉంచిన పాపం అది. మూడు తప్పులూ నావే. ఆ ఈల బండి చావుకేక.

ఇక్కడే చుట్టరికం పనికొచ్చింది. ఈ తరగతికి పేరు తెచ్చిన జపాన్ జెనోవా గడ్డి మిషన్లకూ ఇంజన్లు చేసిన కంపెనీయే; నా బండిలోది ఆ నమూనాకు నకలు. కార్బురేటర్ వాల్బ్రో కంపెనీ తరహాది. మెకానిక్ సొరుగులోంచి 150 రూపాయల కిట్ తీస్తే డయాఫ్రం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సిలిండర్‌కు అంటుకున్న అల్యూమినియాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌లో ముంచిన దూదిపుల్లతో ఓపిగ్గా తీశాడు (మీరు ప్రయత్నించకండి, నేనూ ప్రయత్నించను). పిస్టన్ మాత్రం కుదరలేదు. కొలత అదే 34 మిల్లీమీటర్లు, పిన్ను వేరు. దానికోసం ఐదు వారాలు ఆగాను.

ఇప్పుడు ప్రతి ఆటకు ముందు ఆ రెండు మరలు చూస్తాను. మరలకు పట్టించే నీలం జిగురు కూడా వాడుతున్నాను. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజను తిరగనిస్తాను. పైపు ఉంచుకున్నాను గానీ, అది ఇచ్చిన అదనపు వేగం ఇసుకలో పెద్దగా తెలియదు. మోత మాత్రం బాగా తెలుస్తుంది, గేదెలు మేపుకునే ఆయన రెండుసార్లు కేకలేశాడు. ఖరీదైన ఫిల్టర్ మంచిదే, నా జబ్బుకు మందు కాదంతే.

కొనమంటారా అని అడిగితే, అపార్ట్‌మెంటులో ఉండేవారికి చెప్పను. నాకు పెరడు ఉంది, ఏటి ఇసుక ఉంది, గూడూరులో దుకాణం ఉంది. ఆదివారం మాత్రం ఆ దుకాణం తెరవరు. నేను బండి తీసేది ఆదివారమే.