ఇరుకు వెనక సీటులో తిరిగే చైల్డ్ సీటు: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

కారుకు బిగించిన బేస్ మీద తలుపు వైపు తిరిగే సీటును అమ్మేవాళ్లు నడుం నొప్పి గురించే చెబుతారు. వంగి, మెలితిరిగి పిల్లను కూర్చోబెట్టే బాధ తప్పుతుందంటారు. అది నిజమే. కానీ రోజూ వాడుతూ వచ్చాక ఈ సీటు మీద ఇంత ఇష్టం ఏర్పడింది మాత్రం పట్టీల వల్ల. భుజాల పట్టీలు రెండూ ఎదురుగా కనిపిస్తాయి, రెండు చేతులూ వాటి మీద పెట్టి బిగించవచ్చు. ఇరుకు కారులో ఇది చిన్న విషయం కాదు.

తిరగని సీటును పిల్ల వెనక్కి చూసేలా బిగిస్తే షెల్ (పిల్ల కూర్చునే గట్టి తొట్టి) అంచుకీ ముందు సీటు వీపుకీ మధ్య చెయ్యి దూరేంత సందే మిగులుతుంది. తలుపు వైపు పట్టీ కనిపిస్తుంది, అవతలిది తడుముకుంటూ పెట్టాలి. ఆ అవతలి పట్టీయే తుంటి దగ్గర మెలిపడేది, భుజం మీంచి జారి చంక వైపు వెళ్లేది. బిగువు సరిపోయిందా అని చూసేదేమో ఇవతలి భుజం మీద. తిరిగే సీటులో పిల్ల తలుపు వైపు తిరిగి కూర్చుంటుంది కాబట్టి ఈ తప్పులన్నీ కంటబడతాయి.

బిగించే వరస కూడా అప్పుడే కుదురుతుంది. ముందు బకిల్ పెట్టాలి. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తొడలు మొదలయ్యే చోట ఉండేలా కిందికి సర్దాలి. తర్వాత ఛాతీ దగ్గర రెండు పట్టీలనూ పైకి లాగితే తుంటి దగ్గరున్న వదులంతా భుజాల మీదికి వస్తుంది. ఆ తర్వాతే కాళ్ల మధ్యనున్న పట్టీ కొస లాగాలి. పైకి లాగడం మానేస్తే భుజాల దగ్గర బిగువుగానే అనిపిస్తుంది, నడుం మాత్రం వదులుగా ఉండిపోతుంది. చివర్లో కాలర్ బోన్ దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా మడత పట్టి చూడాలి. మడత చేతికి చిక్కితే ఇంకా బిగించాలి. రెండు భుజాల మీదా చూడాలి. పట్టీలు ఏ ఎత్తు నుంచి వస్తున్నాయో కూడా ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది. వెనక్కి చూసే పిల్లకు అవి భుజాలకు సమంగా గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి, ముందుకు చూసే పిల్లకు సమంగా గానీ కాస్త పైనుంచి గానీ రావాలి.

ఇక ఇరుకు సంగతి. సీటు పట్టడం వేరు, పట్టిన చోట తిరగడం వేరు. వెడల్పు, పొడవు, ఎత్తు అట్టపెట్టె మీద ఉంటాయి. తిరిగేటప్పుడు ఎంత చోటు కావాలో ఉండదు. మనమే లెక్క వేసుకోవాలి. సీటు తిరిగే ఇరుసు నుంచి షెల్ తలవైపు అంచుకు 40 సెంటీమీటర్లు, షెల్ వెడల్పు 44 అనుకుందాం. కదలకుండా ఉన్నప్పుడు ముందు సీటు వైపు దానికి 40 చాలు. తిప్పడం మొదలుపెట్టగానే తలుపు వైపు మూల ముందుకు వస్తుంది. ఇరుసు నుంచి ఆ మూలకు ఉన్న దూరం, అంటే 40, 22 భుజాలుగా గల త్రిభుజానికి కర్ణం, సుమారు 45.6. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఒకటి రెండు తగ్గినా, ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ కావాల్సిందే. ఆ మూల బాగా ముందుకు వచ్చేది 30 డిగ్రీల దగ్గర. అందుకే ఇరుకు కారులో సీటు పావు వంతు కూడా తిరగకముందే ముందు సీటు వీపుకు తగులుతుంది. అక్కడ దాటిందంటే ఆపైన అడ్డు ఉండదు.

వాలు మారితే ఈ లెక్కా మారుతుంది. షెల్ ఎంత వాల్చితే తలవైపు అంచు ఇరుసుకు అంత దూరంగా జరుగుతుంది. కాబట్టి తిప్పేముందు సీటును బాగా నిటారుగా చేయాలి. కొన్ని మోడళ్లు నిటారుగా ఉంటేనే తిరుగుతాయి, కొన్ని ఏ వాలులోనైనా తిరుగుతాయి. ఇరుకు కారుకు మొదటి రకం వల్ల నష్టమేమీ లేదు, రెండో రకంలోనూ మనం చేయాల్సింది అదే. కాకపోతే నిద్రపోయిన పిల్లను దించేటప్పుడు నిటారుగా లేపక తప్పదు, తల ముందుకు వాలుతుంది. ఒక చేత్తో నుదురు పట్టుకుని రెండో చేత్తో తిప్పాలి.

కొనేముందు సీటును కారులో పెట్టి చూడనిస్తే ముందు సీటును దానిలో కూర్చునే మనిషికి సరిపడేలా సర్దండి. ఊరికే ముందుకు జరిపి చూపిస్తే అన్నీ తిరుగుతాయి. కొలిచేటప్పుడు మోకాళ్ల ఎత్తులో కొలిస్తే మోసపోతాం. ముందు సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ సందు తగ్గుతుంది. షెల్ తలవైపు అంచు వచ్చే ఎత్తులోనే కొలవాలి. తిరిగే యంత్రం కింద ఉండటంతో ఈ సీట్లు మామూలు వాటికన్నా ఎత్తుగా కూర్చుంటాయి, సందు మరీ తక్కువగా ఉండే చోటికే చేరతాయి. ఆ ఎత్తు వల్లే పిల్లను ఎత్తి పెట్టేటప్పుడు తల తలుపు పైచట్రానికి తగిలే ప్రమాదం ఉంది. ముందు తల లోపలికి పంపి, తర్వాత కూర్చోబెట్టాలి.

బిగించడం తేలికే. కారు సీటు సందులో 28 సెంటీమీటర్ల దూరంలో ఉండే రెండు ఐసోఫిక్స్ కడ్డీలకు (చైల్డ్ సీటు తగిలించడానికే కారులో ఉండేవి) బేస్ కొక్కేలు తగిలించి, బేస్‌ను వీపు వైపు గట్టిగా నెట్టాలి. బేస్ ముందు నుంచి నేలకు ఆనే సపోర్ట్ లెగ్ విషయంలో మాత్రం జాగ్రత్త. కాళ్ల దగ్గర నేల కింద సామాను పెట్టె ఉన్న కార్లలో ఆ మూత మీద లెగ్ ఆనించకూడదు, బరువు పడితే మూత కుంగుతుంది. అలాంటి కారుకు ఈ సీటు సరిపోతుందో లేదో సీటు కంపెనీ ఇచ్చే కార్ల జాబితాలో చూసుకోవాలి. మందపాటి మ్యాట్ తీసేయాలి. లెగ్ నేలకు గట్టిగా ఆనాలి, అలాగని బేస్ ముందు భాగాన్ని పైకి లేపకూడదు. ముందు సీటును వెనక్కి జరిపినప్పుడు దాని పట్టాలు లెగ్‌కు తగులుతున్నాయేమో కూడా చూడాలి.

ఇంత మెచ్చుకున్న తిరగడంలోనే తర్వాత చిక్కు వచ్చింది. పట్టీలు బిగించాక మధ్య పట్టీ కొస పొడవుగా బయటికి వేలాడుతుంది. ఎంత బాగా బిగిస్తే అంత పొడుగు. సీటును ప్రయాణ స్థితికి తిప్పేటప్పుడు ఆ కొస షెల్‌కూ బేస్‌కూ మధ్యనున్న సందులోకి జారి నలిగింది. తిరగడం పూర్తయినట్టే ఉంది, శబ్దం కూడా వచ్చింది, కానీ తాళం పడిందో లేదో రంగుతో చూపే సూచిక ఎర్రగానే ఉండిపోయింది. షెల్‌ను పట్టుకుని కుదిపితే కదులుతోంది. తాళం సగమే పడిందన్న మాట. పట్టీ మందం అడ్డుపడి గడియ చివరిదాకా వెళ్లలేదు.

ఇక్కడ బలం ఉపయోగించకూడదు. ఇంకాస్త గట్టిగా నెడితే పడుతుందేమో అనిపిస్తుంది. నెడితే పట్టీ ఇంకా లోపలికి పోతుంది, అంచు తెగుతుంది. తిప్పిన దిక్కుకు ఎదురుగా మెల్లగా వెనక్కి తిప్పుతూ కొసను మనవైపు లాగితే బయటికి వస్తుంది. వచ్చాక రెండు అంచుల పొడవునా వేలితో తడిమి చూడాలి. నలిగిన గుర్తు ఉంటే పరవాలేదు. పోగులు తెగి లేచి ఉంటే కుట్టడం, కత్తిరించడం పనికిరావు, కంపెనీ పట్టీలే మార్చాలి. ఆ తర్వాత అలవాటు మార్చుకుంటే సరిపోయింది: బిగించాక కొసను మడిచి పిల్ల తొడ పక్కన కవర్ కింద దోపడం, తర్వాత తిప్పడం. కొస దోపుకోవడానికి చిన్న జేబు ఉన్న మోడళ్లు ఉన్నాయి. అంత చిన్న జేబు ప్రతి తిరిగే సీటుకూ ఉండాలి, లేకపోవడం డిజైన్ లోపమే.

శబ్దాన్ని నమ్మకూడదన్నది కూడా దీని వల్లే బాగా తెలిసింది. చాలా మోడళ్లలో తలుపు వైపు తిప్పినప్పుడూ ఒక తాళం పడుతుంది, ప్రయాణ స్థితిలోనూ పడుతుంది, రెండు శబ్దాలూ ఒకలాగే ఉంటాయి. తలుపు వైపు తిరిగి ఉండగా బండి కదలకూడదు. ప్రతిసారీ సూచిక రంగు చూడాలి, షెల్‌ను అటూ ఇటూ ఒకసారి కుదిపి చూడాలి.

బిస్కెట్ పొడి, ఇసుక కూడా ఇదే సందులో చేరతాయి. తిప్పుతుంటే కరకరమంటే అదే కారణం. వాక్యూమ్ క్లీనర్ సన్న ముక్కు పెట్టి, సీటును కొంచెం కొంచెంగా తిప్పుతూ చుట్టూరా లాగేయాలి. నూనె, గ్రీజు వేయవద్దు. దుమ్ము వాటికి అంటుకుని ముద్ద కడుతుంది, బకిల్‌కూ అంతే. పట్టీలను తడిగుడ్డతో తుడవడం వరకే, సబ్బునీళ్లలో నానబెట్టకూడదు.

మొదట్లో ఈ సీటు ఏళ్ల తరబడి పనికొస్తుందనిపిస్తుంది. అక్కడ కొంచెం తగ్గించి చెప్పాలి. 2013లో అమల్లోకి వచ్చిన, చైల్డ్ సీట్ల భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన ప్రకారం, ఐసోఫిక్స్‌తో బిగించి లోపలి పట్టీలు వాడే సీటు బరువు, పిల్ల బరువు కలిపి 33 కిలోలు దాటకూడదు. తిరిగే యంత్రం వల్ల ఈ సీటే 15 కిలోలు తూగితే పిల్లకు మిగిలేది 18. ఇలాంటి సీట్లలో చాలావాటి మీద పిల్ల ఎత్తు 105 సెంటీమీటర్లు, బరువు 18 కిలోల వరకు అని రాసి ఉండేది అందుకే. బొద్దుగా, పొడవుగా ఎదిగే పిల్ల అనుకున్నదానికన్నా ముందే దాటిపోతుంది. అదే బరువు వల్ల ఒక కారులోంచి ఇంకో కారుకు మార్చడం కూడా మాటలు కాదు.

ముందుకు తిప్పడం ఇంత తేలిక కావడం కూడా పూర్తిగా మంచిదని చెప్పలేను. ఆ నిబంధనలో 15 నెలలు నిండేదాకా వెనక్కి చూస్తూ కూర్చోవడం తప్పనిసరి, ఆ తర్వాత కూడా సీటు పరిమితి ఉన్నంతకాలం అలా ఉంచడమే మెడకు భద్రం. కాళ్లు మడిచి కూర్చుంటోందని తిప్పేయనక్కర్లేదు, పిల్లలు హాయిగానే మడుచుకుంటారు. ఇరుకు కారులో ముందు సీటుకు చోటు కావాలని తొందరపడటం ఎక్కువ. ఆ చోటు వాలు కాస్త తగ్గిస్తే వస్తుంది. కాస్త ఎదిగిన పిల్లకు నిటారు వాలు సరిపోతుంది, తల నిలబెట్టలేని పసికందుకు మాత్రం వాలు తగ్గించకూడదు.

మళ్లీ కొంటారా అంటే, వెనక సీటులో ఒక్క పిల్లే ఉండి, ముందు కూర్చునే మనిషి మరీ పొడగరి కాకపోతే కొంటాను. సీటు ముందు ప్రయాణికుడి వెనక పెడతాను, డ్రైవర్ వెనక పెట్టను. ప్రయాణికుడి సీటును కొద్దిగా జరుపుకోవచ్చు, డ్రైవర్‌ది జరిపితే కాళ్లు పెడళ్ల దగ్గర ఇరుకవుతాయి. మధ్యలో పెట్టి తిప్పుదామనుకుంటే ఈ సీటు దండగ. చాలా కార్లలో అక్కడ ఐసోఫిక్స్ కడ్డీలే ఉండవు. పక్కన ఇంకో చైల్డ్ సీటు ఉన్నా ఆలోచించాలి, తలుపు వైపు తిప్పేటప్పుడు తలవైపు భాగం కారు మధ్యకు వచ్చి పక్క సీటు రెక్కకు తగులుతుంది. తలుపు సగమే తెరుచుకునే పార్కింగ్‌లో రోజూ బండి పెట్టేవాళ్లకూ లాభం తక్కువ. కాళ్ల వైపు భాగం బయటికి వస్తే మనం నిలబడటానికి చోటుండదు. ఇలాంటివాళ్లు తిరగని సన్న సీటు తీసుకుని, అవతలి పట్టీ చూసుకోవడానికి రెండో తలుపు వైపు నడిచి వెళ్లడం మేలు.